పంట బీమా కట్టాం, పైసా రాలేదు. పక్క పంచాయతీకి మాత్రం వచ్చింది. ఈ లెక్క ఎవరికైనా తెలుసా?

పావగడ_పిల్లోడు
మాది పావగడ తాలూకా. నేను మారతహళ్ళిలో ఉంటాను, నాన్న ఊళ్లోనే వ్యవసాయం. నాలుగెకరాల ఎర్రనేల, వానాధారం, వేరుశనగ. పోయిన ఖరీఫ్‌లో విత్తనం వేశాక వాన బాగానే పడింది. తీరా ఊడలు (కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగే సమయానికి మొహం చాటేసింది. చెట్టు పీకితే రెండు మూడు కాయలు, అవీ లొట్టలు. బీమా ప్రీమియం పంట రుణంలోంచే పట్టుకున్నారు, రసీదు ఉంది. ఇప్పుడు పక్క పంచాయతీలో కట్టినవాళ్లందరికీ ఖాతాల్లో డబ్బులు పడ్డాయి. మా పంచాయతీలో ఒక్కరికీ పడలేదు. రెండు ఊళ్లకూ మధ్య ఉన్నది ఒక వంక. వాన ఆ వంక దగ్గర ఆగిపోతుందా? ఈ ఏడు కట్టనని నాన్న తెగేసి చెబుతున్నారు. ఆయనకు ఏం సమాధానం చెప్పాలో తెలియట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాగిసంగటి
గుడిబండ వైపు కూడా ఇదే గోడు. కట్టించుకునేటప్పుడు ఫోన్ మీద ఫోన్ చేస్తారు, పంట పోయాక ఎవరిని అడగాలో కూడా తెలీదు.

వైట్‌ఫీల్డ్_వెంకి
కట్టొద్దని చెప్పు బ్రో. మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్. ఆ డబ్బులు దాచుకుంటే విత్తనాలకైనా వస్తాయి.

బ్యాంకు_బాబాయ్
అంత తొందరపడి చెప్పకు వెంకీ. నేను రిటైరయ్యేదాకా పల్లె బ్రాంచుల్లోనే పనిచేశాను, ఈ పథకం కాగితాలు బోలెడు చూశాను.

2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఖరీఫ్ తిండి గింజలకూ నూనెగింజలకూ రైతు కట్టేది బీమా మొత్తం మీద 2 శాతం. రబీకి 1.5 శాతం, వాణిజ్య పంటలకూ తోటలకూ 5 శాతం. కంపెనీ అడిగే అసలు ప్రీమియం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఆ మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. కాబట్టి మీ నాన్నగారు కట్టేది మొత్తంలో చిన్న ముక్క. ఆ ముక్క మిగుల్చుకుంటే విత్తనాలు రావు.

ఇక అసలు సంగతి. కరువుకు మీ చేను ఎవరూ చూడరు. పంచాయతీని ఒక యూనిట్‌గా తీసుకుని సగటు దిగుబడి కొలుస్తారు. అది ముందే నిర్ణయించిన హద్దు కన్నా తక్కువ వస్తే ఆ పంచాయతీలో ఆ పంటకు కట్టినవాళ్లందరికీ వస్తుంది, లేకపోతే ఒక్కరికీ రాదు. మీ ఊళ్లో జరిగింది అదే అయ్యుండాలి. కర్ణాటక పంట బీమా వెబ్‌సైట్ సంరక్షణె పోర్టల్‌లో మీ దరఖాస్తు నంబరు కొట్టి స్టేటస్ ఏముందో ముందు చూడు. రిజెక్ట్ అయిందా, లేక దిగుబడి లోటు లేదని చూపిస్తోందా? రెండూ వేరు వేరు సమస్యలు.

పావగడ_పిల్లోడు
చూశాను బాబాయ్. రిజెక్ట్ కాలేదు. పంట పేరు సరిగానే ఎక్కింది, సర్వే నంబరు కూడా సరిపోయింది. దిగుబడి లోటు లేదనే చూపిస్తోంది. లోటు లేకపోవడం ఏంటి? మా నాన్న పశువుల మేతకు వేరుశనగ కట్టె కూడా సరిగా మిగల్లేదని బాధపడుతుంటే!

లెక్కల_టీచరమ్మ
ఆ హద్దు ఎలా కడతారో చెబుతాను. గడిచిన 7 ఏళ్లలో బాగా పండిన 5 ఏళ్ల సగటు తీసుకుంటారు. దాన్ని 70, 80, 90 శాతాల్లో ఆ పంటకు ఏది ఖాయం చేస్తే దానితో గుణిస్తారు. ఉదాహరణకు సగటు ఎకరాకు 500 కిలోలు, స్థాయి 80 శాతం అనుకుందాం. హద్దు 400 కిలోలు. ఈ ఏడు పంచాయతీ సగటు 300 వస్తే లోటు 100, అంటే నాలుగో వంతు. బీమా మొత్తం ఎకరాకు 20,000 అయితే 5,000 వస్తుంది. సగటు 401 వస్తే సున్నా. మీ చేనులో గింజ కూడా పండకపోయినా సున్నాయే. క్లాసు మొత్తం సగటు చూసి ఒక్కో పిల్లకూ మార్కులేసినట్టు.

ఇందులో నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. 7 ఏళ్లలో మూడు నాలుగేళ్లు కరువే అయితే, రెండు చెడ్డ ఏళ్లు తీసేసినా ఇంకొన్ని మిగులుతాయి. సగటు కిందికి జారుతుంది, హద్దూ జారుతుంది. కరువు ఎక్కువైన తాలూకాలోనే బీమా పలచబడుతుంది. అక్కడే గట్టిగా ఉండాల్సింది!

కళ్యాణదుర్గం_కుర్రాడు
టీచరమ్మ గారు చెప్పిన చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. 2023లో మొత్తం దేశానికే 1901 నుంచి అంత ఎండిన ఆగస్టు లేదన్నారు. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరువు కింద ప్రకటించారు. అలాంటి ఏళ్లు దగ్గర దగ్గరగా వస్తుంటే పాత సగటు దేనికి పనికొస్తుంది?

చేను_చూసినోడు
పావగడ తమ్ముడూ, నీ సమస్య హద్దులో కాదు, కోతలో ఉందని నా అనుమానం. నేను కొన్ని సీజన్లు ఈ పంట కోత ప్రయోగాలకు బీమా తరఫున సాక్షిగా వెళ్లేవాణ్ణి. ఇప్పుడు ఆ పని మానేసి ఇక్కడ హొసకోటె దగ్గర నర్సరీ నడుపుతున్నా. ఆ పని ఎలా జరుగుతుందో చెబుతా.

పెద్ద పంటకు పంచాయతీకి నాలుగు చోట్ల కోత. సర్వే నంబర్లు లాటరీలాగా ముందే కంప్యూటర్ తీస్తుంది. ఆ చేనుకు వెళ్లి నాలుగు మేకులు కొట్టి తాడు కట్టాలి, మామూలుగా ఐదు మీటర్లకు ఐదు మీటర్లు. తాడు లోపల ఉన్న చెట్లన్నీ పీకాలి. వేళ్లకు పట్టుకున్న మట్టి దులిపి, కాయలు తెంపి, నేలలో ఉండిపోయినవి కూడా తవ్వి ఏరి తూకం వేయాలి. తడి కాయ తూకం ఒకటి, ఎండాక ఒకటి. ఫోటో, లొకేషన్ అన్నీ యాప్‌లో ఎక్కాలి.

ఇందులో ఎక్కడ తేడా వస్తుందంటే, వానాధారం వేరుశనగ, నీటి పారుదల వేరుశనగ రెండూ బీమాలో వేరు వేరు. లాటరీలో వచ్చిన చేను కాగితం మీద వానాధారమే. కానీ రైతు ఊడలు దిగేటప్పుడు పక్క బోరు నుంచి స్ప్రింక్లర్ పెట్టి రెండు తడులు ఇచ్చాడనుకో, అక్కడ కాయ నిండుతుంది. ఆ తూకం వానాధారం ఖాతాలోకే వెళ్తుంది.

లెక్కల_టీచరమ్మ
ఆగండి, దీన్ని లెక్కేసి చూడాల్సిందే. ఒక్కో గడి 25 చదరపు మీటర్లు. నాలుగూ కలిపితే 100. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. ఒక్క గడిలో ఒక కిలో తేడా వస్తే ఎకరాకు 162 కిలోల తేడా. నాలుగింటి సగటులో చూసినా 40 కిలోలు. ఇందాకటి హద్దు 400 దగ్గర అది పదో వంతు! ఒక్క చేనులో ఒక్క కిలోతో పంచాయతీ మొత్తం రాత మారిపోతుంది.

పావగడ_పిల్లోడు
ఇది చదివి నాన్నకు ఫోన్ చేశాను. మా ఊళ్లో ఒక కోత ఎవరి చేనులో జరిగిందో ఆయనకు తెలుసు. చెరువు కింద బోరున్న చేను! మిగతా మూడూ ఎక్కడ చేశారో ఎవరికీ తెలీదట.

రాగిసంగటి
దొరికింది దొంగ.

చేను_చూసినోడు
అప్పుడే దొంగ అనకండి. చేసింది ఎవరో కావాలని కాకపోవచ్చు. గ్రామ లెక్కాధికారికి ఒక్క నెలలోనే బోలెడు కోతలు, వేరే పనులూ ఉంటాయి. లిస్టులో ఉన్న నంబరుకు వెళ్తారు, పని ముగిస్తారు. ఆ రోజు చేను గట్టు మీద ఊరివాళ్లు నలుగురు నిలబడి ఉంటే, 'అయ్యా, ఇది తడి పెట్టిన చేను, రాసుకోండి' అని చెప్పేవాళ్లుంటే కథ వేరుగా ఉండేది. నేను వెళ్లిన చాలా కోతలకు ఆ చేను రైతు, ఇద్దరు కూలీలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు.

కోలారు_మామిడి
మాకు కోత గొడవ లేదు, ఇంకో గొడవ. శ్రీనివాసపుర దగ్గర మామిడి తోట, మాది వాతావరణ బీమా. దిగుబడి కొలవరు, వానా ఎండా గాలిలో తేమా లెక్కలు చూసి ఇస్తారు. ఒకసారి పూత మీద అకాల వాన కొట్టింది. మా తోటలో కొట్టిన వాన వాన కొలిచే గేజ్ ఉన్నచోట సగం కూడా పడలేదు.

కళ్యాణదుర్గం_కుర్రాడు
మా వైపు వేరుశనగకు ఏళ్ల తరబడి వాతావరణ బీమానే నడిచింది. తొందరగా తేలుతుంది, ఎవరి దయా అక్కర్లేదు, అది మెచ్చుకోవాలి. కానీ వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వాన రోజు. మా ఎర్రనేలలో ఆ తడి మధ్యాహ్నానికి ఆరిపోతుంది. కాగితం మీద వాన, చేనులో దుమ్ము.

చరిత్ర_పిచ్చి
ఈ వాన బీమా ఆలోచన పుట్టింది మన బెంగళూరు పక్కనే అని తెలుసా? 1920 నాటికే మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి గారు దీన్ని ప్రతిపాదించారు. ఒక్కో పొలం కొలవకుండా ప్రాంతం మొత్తానికి వాన లోటు చూసి పరిహారం ఇవ్వాలన్నారు. దేశమంతా వర్తించే పథకం 1985లో గానీ రాలేదు. ఆయన చెప్పినట్టు వానమాపకం చూసి ఇచ్చే బీమా రైతు చేతికి వచ్చింది 2003లో, మహబూబ్‌నగర్ జిల్లాలో, వేరుశనగ, ఆముదం రైతులకు.

పాలమూరు_బిడ్డ
మొట్టమొదట మా జిల్లాలోనే పెట్టారు, తర్వాత మా రాష్ట్రమే 2020లో ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చేసింది. 2023 మార్చిలో వడగళ్లు పడితే ఎకరాకు 10,000 ప్రకటించారు. కానీ అలాంటిది ప్రకటిస్తేనే ఉంటుంది, లేకపోతే లేదు. బీమా అయితే కనీసం 'నా హక్కు' అని అడగొచ్చు. మీకు అడగడానికి ఒక పోర్టల్, ఒక నంబరు అయినా ఉన్నాయి. వద్దనుకునే ముందు ఒకసారి మా వైపు చూడండి.

వైట్‌ఫీల్డ్_వెంకి
అన్నా, నీ మాట ఒప్పుకుంటా. అయినా నా అభిప్రాయం మారలేదు. ఈ డబ్బంతా కంపెనీలకు పోసే బదులు ప్రతి చేనులో ఒక కుంట తవ్విస్తే ఊడల సమయంలో ఒక తడి వస్తుంది. పంట బతికితే బీమా దేనికి?

కళ్యాణదుర్గం_కుర్రాడు
మా చేనులో కుంట ఉంది వెంకీ. మంచి ఏడు ఒక తడి ఇచ్చుకున్నాం, నిజమే. కానీ కుంట నిండాలన్నా వాన పడాలి కదా. జూన్ జులైలో నిండకపోతే అది ఎండిన గుంత. రెండూ కావాలి, ఒకటి ఉంటే ఇంకోటి వద్దని కాదు.

కృష్ణా_డెల్టా
మీవన్నీ వాన రాక పడే బాధలు, మావి వచ్చి పడే బాధలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా అన్నయ్య వరి కోసి పనల మీద ఉంది. నీళ్లు దిగేసరికి కంకుల్లోనే మొలకలు. చేత్తో పిడికెడు తీసి చూపిస్తుంటే వీడియో కాల్‌లో చూడలేకపోయాను. ఇలాంటిదానికి రూల్ ఏంటి?

బ్యాంకు_బాబాయ్
అమ్మా, అది కోత తర్వాతి నష్టం. దీనికి పంచాయతీ సగటుతో పని లేదు, పొలం వారీగా వచ్చి చూడాలి. కోసి ఆరబెట్టిన పంటకు కోసిన రోజు నుంచి 14 రోజుల దాకా రక్షణ ఉంటుంది. షరతు ఒకటే, నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలి. 14447కి ఫోన్ చేయొచ్చు, యాప్‌లో పెట్టొచ్చు, బ్యాంకులోనో వ్యవసాయ ఆఫీసులోనో చెప్పొచ్చు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఊరు నీళ్లలో ఉంది. అప్పుడే ఆ గడువు దాటిపోతుంది. అలాంటప్పుడు ఆ పని ఇక్కడున్న మీరే చేసిపెట్టాలి. సర్వే నంబరు, దరఖాస్తు నంబరు మీ ఫోన్‌లో ఉంటే బెంగళూరు నుంచే ఫోన్ కొట్టొచ్చు.

నిలబడి ఉన్న వరి నీట మునిగితే పొలం వారీగా చూసే వెసులుబాటు 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం చెప్పింది. అడవి జంతువుల నష్టం కూడా అప్పుడే చేర్చారు, కాకపోతే ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రాలు నోటిఫై చేయాలి. దానికీ 72 గంటలే, లొకేషన్‌తో ఫోటోలు కావాలి.

రాగిసంగటి
అడవి పందులకు బీమానా? మా చేనులో అవి తిన్నాక మిగిలిందే మేం తింటున్నాం. ఇది మంచి వార్త.

టమాటా_శీను
మరి ధర పడిపోతే? కోలారు మార్కెట్‌కు పెట్టెలు తెచ్చి బాడుగ కూడా రాక రోడ్డు పక్కన పారబోసినవాళ్లం మేము. దానికేం బీమా?

బ్యాంకు_బాబాయ్
ఇందులో ధరకు రక్షణ లేదు నాయనా. పంట పండి ధర రాకపోతే ఈ బీమా ఒక్క రూపాయి ఇవ్వదు.

కౌలు_ఇంటి_పిల్ల
చాలాసేపటి నుంచి చదువుతున్నా. ఒక్కరూ కౌలు రైతు మాట ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. మాది పీలేరు వైపు. నేను హెబ్బాళలో స్టాఫ్ నర్సుని. నాన్నకు సొంత భూమి లేదు, మూడెకరాలు కౌలుకు చేస్తారు. విత్తనం ఆయనది, ఎరువు ఆయనది, అప్పు ఆయనది. బీమా, నష్టపరిహారం మాత్రం పాస్‌బుక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లవి. కౌలు కార్డు ఉంటే నాన్న పేరే ఎక్కుతుంది. కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. ఆయన పెట్టరు. ఆయన ఉండేది ఇదే బెంగళూరులో. మంచి మనిషే, పండక్కి వస్తే మాకు బట్టలు తెస్తారు. కానీ సంతకం అనేసరికి 'చూద్దాంలే' అంటారు.

ఇక్కడ రాసేవాళ్లలో ఊళ్లో పొలం కౌలుకిచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. మిమ్మల్నే అడుగుతున్నా. మీకెందుకు భయం?

వైట్‌ఫీల్డ్_వెంకి
నేను చెబుతా అక్కా, ఎందుకంటే మాకూ కదిరి దగ్గర కౌలుకిచ్చిన భూమి ఉంది. మా నాన్న భయం ఏంటంటే, కాగితం మీద కౌలుదారు పేరు ఎక్కితే రేపు భూమి మీద హక్కు అడుగుతారని. పాత టెనెన్సీ కేసులు చూసిన తరం అది. మా పెదనాన్న కోర్టుల చుట్టూ తిరగడం ఆయన కళ్లారా చూశాడు.

బ్యాంకు_బాబాయ్
ఆ భయానికి జవాబుగానే 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు 11 నెలలకే చెల్లుతుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం, ఇంతవరకే. భూమి హక్కు జోలికి పోదు. మీ నాన్నగారికి ఆ కార్డు వెనకున్న షరతులు చదివి వినిపించు వెంకీ.

కౌలు_ఇంటి_పిల్ల
చట్టంలో సంతకం యజమాని ఇష్టానికి వదిలేశారు బాబాయ్, చిక్కంతా అక్కడే. పంట వేసింది ఎవరో ఊరంతటికీ తెలుసు. పొలానికి వచ్చి పంట నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఫోటో తీసేవాళ్లకూ తెలుసు. ఊళ్లో విచారించి రాసుకునే వీలు ఉంటే ఈ బతిమాలుడు ఉండదు కదా.

వైట్‌ఫీల్డ్_వెంకి
ఈ శనివారం ఊరికి వెళ్తున్నా. నాన్నతో కూర్చుని మాట్లాడతా. ఒప్పించే పూచీ నాది.

టమాటా_శీను
శభాష్ వెంకీ. ఉదయం నుంచి బీమా వద్దన్నవాడివి, సాయంత్రానికి ఏజెంటువి అయ్యావు.

కోలారు_మామిడి
ఈ చర్చలో వెంకీ ఊరికి వెళ్లొచ్చాక ఏమైందో రాయాలి. ఒప్పిస్తే ఒక పెట్టె బేనిషా మామిడి పంపిస్తా, ఇది మాట.

పావగడ_పిల్లోడు
మళ్లీ నా ప్రశ్నకు వస్తా. నాన్నకు ఈ లెక్కంతా ఫోన్‌లో చెప్పాను. 'నా చేను చూడకుండా నా పంట ఎంతో ఎలా తెలుస్తుంది?' అనే అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉపగ్రహాలతో చేను చేనూ చూడొచ్చు కదా, అంతా ఫోన్‌లోనే ఉంది కదా ఈ రోజుల్లో?

చేను_చూసినోడు
మొదలైంది. 2023 ఖరీఫ్ నుంచి వరికీ గోధుమకూ దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం ఉపగ్రహాల వంటి టెక్నాలజీ నుంచి తీసుకోవాలన్నారు. కానీ పైనుంచి కనబడేది ఆకు. వరి కంకి పైన ఉంటుంది, వేరుశనగ కాయ నేలలో ఉంటుంది. ఆకు పచ్చగా ఉండి లోపల లొట్ట కాయలున్న చేలు నేను ఎన్నో పీకి చూశాను. మన పంటకు ఇంకా చాలాకాలం మనిషి పీకి చూడాల్సిందే. ఆ మనిషి పక్కన మీరు ఉండాలి.

బ్యాంకు_బాబాయ్
ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను పిల్లోడా. పోయిన ఖరీఫ్ సంగతి వదిలేయకు. మీ పంచాయతీలో నాలుగు కోతల సర్వే నంబర్లు, తూకాలు ఇవ్వమని వ్యవసాయ శాఖకు అర్జీ పెట్టండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఒక్కడివే కాదు, కట్టినవాళ్లంతా సంతకాలు చేసి. నాలుగింట్లో బోరు చేలు ఎన్నో తేలాక జిల్లా స్థాయి ఫిర్యాదుల కమిటీకి వెళ్లొచ్చు. పంట, పంచాయతీ బ్యాంకు తప్పుగా ఎక్కించిన కేసుల్లో అయితే బాధ్యత బ్యాంకుదే, ఆ మాట కూడా ఊళ్లో అందరికీ చెప్పు.

ఈ ఏడు సంగతి. 2020 నుంచి రుణం తీసుకున్నవాళ్లకు కూడా బీమా ఐచ్ఛికమే. వద్దంటే గడువుకు 7 రోజుల ముందే బ్యాంకులో రాసివ్వాలి, ఊరికే ఉంటే పట్టుకుంటారు. నా మాట వింటే మీ నాన్నగారిని కట్టమనే అంటాను. వంక అవతల వాళ్లకు వచ్చింది కూడా ఇదే పథకం నుంచి కదా.

పావగడ_పిల్లోడు
నాన్న కడతానన్నారు, ఒక షరతు మీద. ఈసారి కోత రోజు నేను ఊళ్లో ఉండాలట. సెలవు పెట్టుకుని వెళ్తా. మా ఊరివాళ్లు బెంగళూరులో చాలామంది ఉన్నారు, నాలుగు చేలకు నలుగురం దొరుకుతాం. అర్జీ మీద ఇప్పటికే పదిహేడు సంతకాలు అయ్యాయి. లిస్టు ముందుగా ఎక్కడ దొరుకుతుంది?

చేను_చూసినోడు
పంచాయతీ ఆఫీసులో, రైత సంపర్క కేంద్రంలో అడుగు. కోతకు రైతులు రావడానికి అడ్డు లేదు, రావద్దంటే ఒప్పుకోకండి. తాడు కట్టేటప్పుడు, తడి తూకం అప్పుడు, ఎండు తూకం అప్పుడు మూడుసార్లూ ఫోటో తీయండి. ఎండు తూకానికి ఎవరూ రారు, అక్కడే జాగ్రత్త. సర్వే నంబర్లు ఇక్కడ పెట్టకు, నాకు మెసేజ్ చేయి. ఏ చేనుకు నీరుందో పహాణీలో (భూమి రికార్డులో) ఎలా చూడాలో చెబుతా.